రన్నింగ్ షూస్, బైక్ గ్లవ్స్‌తో ట్రాక్ డేకు వెళ్లవచ్చా?

రాయగడ మిత్రులకు నమస్కారం. ట్రాక్ డేకు, అంటే సొంత కారును రేసు ట్రాక్‌పై నడిపే రోజుకు, ఇంట్లో ఉన్న రన్నింగ్ షూస్, బైక్ గ్లవ్స్ సరిపోతాయా అని అడిగారు. బూట్లు మాత్రం తప్పక మార్చండి. రన్నింగ్ షూ అడుగు మందంగా, మెత్తగా ఉండటం వల్ల బ్రేకు మీద ఎంత బలం పెడుతున్నారో పాదానికి సరిగా తెలియదు, పైగా వెడల్పైన అంచు పక్క పెడల్‌కు తగులుతుంది. కాబట్టి పలుచని రబ్బరు అడుగు, గుండ్రటి మడమ ఉన్నవి ఎంచుకుని, కొనేముందు మీ కారులోనే పెడల్స్ నొక్కి చూడండి.

బైక్ గ్లవ్స్ కింద పడినప్పుడు చర్మం చెక్కుకుపోకుండా కాపాడేవే తప్ప మంటకు ఉద్దేశించినవి కావు. చౌకగా దొరికే కార్టింగ్ (చిన్న రేసు బండ్ల పోటీ) గ్లవ్స్ కూడా చాలావరకు అంతే. పోటీలకు దిగేటట్లయితే గ్లవ్స్ లేబుల్‌పై ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ) వారి, మంట నుంచి కాపాడే దుస్తుల ప్రమాణమైన 8856-2018 ముద్ర ఉండాలి. ఇలాంటి వాటిలో వాడే నోమెక్స్ వంటి అరామిడ్ (వేడిని తట్టుకునే కృత్రిమ) నూలు వేడికి కరగదు, నైలాన్, పాలిస్టర్ మాత్రం కరిగి ఒంటికి అతుక్కుంటాయి. మన బరంపురం ఉక్కకు ఎంత హాయిగా ఉన్నా రేసింగ్ సూట్ లోపల పాలిస్టర్ బనియను వద్దు.