‘యాక్టివ్‌గా కనపడాలమ్మా’ అంటే ఏమిటో అడగండి

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 36. అరండల్‌పేటలో ఒక ఆడిట్ ఆఫీసులో పదకొండేళ్లుగా చేస్తున్నాను. రెండో కాన్పు తర్వాత 86 కిలోలకు వచ్చాను. ఈసారి మేనేజర్ పోస్టు నా చేతికింద పని నేర్చుకున్న అబ్బాయికిచ్చారు. ‘క్లయింట్ల దగ్గరికి వెళ్లేవాళ్లు కాస్త యాక్టివ్‌గా కనపడాలమ్మా’ అన్నారు సార్. ఆయనకేమో పెద్ద పొట్ట! ఇంట్లో మావారు, అత్తయ్య ‘ముందు ఒళ్లు తగ్గించు, అన్నీ అవే వస్తాయి’ అంటున్నారు.

జవాబు: మగాడికి పొట్ట వస్తే దర్జా, ఆడదానికి వస్తే బద్ధకం. ఇది మీ ఊహ కాదమ్మా. జర్మనీ, అమెరికా ఉద్యోగుల జీతాల మీద జడ్జ్, కేబుల్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, బరువు పెరిగేకొద్దీ ఆడవాళ్ల జీతం తగ్గింది. మగవాళ్లకు ఒక స్థాయి దాకా పెరిగింది. బాగా సన్నగా ఉన్న ఆడవాళ్లు మామూలు బరువుకు వచ్చినా కోత పడింది. కాబట్టి పది కిలోలు తగ్గితే పోస్టు వస్తుందన్న హామీ ఏమీ లేదు.

‘యాక్టివ్’ లాంటి మాటకు కొలత ఉండదు. చూపును బట్టి మార్కులు వేసేది అక్కడే. ఆ కొలత మీరు అడిగి తెచ్చుకోవాలి. ముందు ఏడాది పనంతా ఒక్క పేజీలో రాయండి: ఎన్ని ఫైళ్లు చూశారు, ఎన్ని నోటీసులకు జవాబిచ్చారు, ఎంత ఫీజు వసూలైంది, ఎవరికి పని నేర్పారు. ‘కష్టపడ్డాను’ అని రాస్తే లాభం లేదు. ‘ఫలానా కోల్డ్ స్టోరేజీ వాళ్ల పన్ను డిమాండ్ రద్దు చేయించాను’ అని రాయండి. జీఎస్టీ రిటర్నుల హడావిడి తగ్గాక, అంటే 20వ తేదీ దాటాక, సార్‌ని పది నిమిషాలు అడగండి. ‘వచ్చేసారి ఆ పోస్టుకు ఏమేం చూస్తారు సార్? ఏ క్లయింటు దగ్గర, ఏ పనిలో నేను తగ్గానో ఒక్కటి చెప్పండి.’ అడిగి ఊరుకోండి. ఆయన తటపటాయిస్తుంటే జాలిపడి మీరే సర్దిచెప్పడం మొదలుపెడతారు, చాలామంది అక్కడే జారిపోతారు. ఆరు నెలలపాటు ఇద్దరు క్లయింట్లను నేరుగా మీకే అప్పగించమనండి. ఆ సాయంత్రమే, అనుకున్న మాటలు ఆయనకు మెయిల్ పెట్టండి.

మీ లావు మీద మీరే జోకులు వేసుకోవడం మానేయండి. మీరు వేస్తే అందరికీ లైసెన్సు ఇచ్చినట్టే. ‘అన్నం గట్టిగానే తెచ్చారే’ అని ఎవరైనా అంటే, ‘నా క్యారేజీ సంగతి సరే, ఆ లెడ్జర్ ఎక్కడిదాకా వచ్చింది?’ అనండి, చాలు.

బరువును బట్టి వివక్ష చూపకూడదని నేరుగా చెప్పే చట్టం మన దగ్గర లేదు. కానీ ఒంటి గురించి మాటలు వెకిలిగా, లైంగికంగా ఉంటే, పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం వర్తిస్తుంది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అది జరిగిన మూడు నెలల్లోపు ఆ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పదిమంది లేకపోతే జిల్లాలోని స్థానిక కమిటీకి ఇవ్వాలి. అన్న మాట, తేదీ, విన్నవాళ్ల పేర్లు అదే రోజు రాసిపెట్టుకోండి.

థైరాయిడ్, షుగర్, బీపీ పరీక్షలు చేయించుకోండి. అది మీ ఆరోగ్యం కోసం, పోస్టు కోసం కాదు. ఇక మీవారిని ఒకటడగండి: పొద్దున్నే నేను నలభై నిమిషాలు నడిచొస్తే, పిల్లల క్యారేజీలు ఎవరు కడతారు?