యోజనానికి ఎన్ని మైళ్లు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒకడు "కాంతి వేగం వేదాల్లోనే ఉంది, సాయణుడు లెక్కతో సహా చెప్పాడు" అని పెట్టాడు. నాస్తికుడైన ఇంకొకడు "అంతా బూటకం, వేదాలన్నీ కట్టుకథలు" అన్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. మీరు సంస్కృతం పాఠం చెప్పినవారు కదా, నిజమేమిటో తేల్చండి.
– ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: తేల్చవచ్చు బాబూ. దీనికి నమ్మకంతో పనిలేదు, గుణకారం వస్తే చాలు.

ముందు మూలం చూద్దాం. ఋగ్వేదం మొదటి మండలం, 50వ సూక్తం, నాలుగో మంత్రం: "తరణిర్విశ్వదర్శతో జ్యోతిష్కృదసి సూర్య". వేగంగా సాగేవాడివి, అందరికీ కనిపించేవాడివి, వెలుగును చేసేవాడివి అని సూర్యుణ్ణి పొగడటం. మంత్రం మొత్తం వెతికినా అంకె లేదు. అంకె ఉన్నది 14వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో, సాయణాచార్యులు వేదానికి రాసిన భాష్యంలో, అంటే వ్యాఖ్యానంలో. ఆయన కూడా దాన్ని తన మాటగా చెప్పలేదు. పెద్దలు ఇలా స్మరిస్తారంటూ ఒక శ్లోకం ఉదహరించారు: అర నిమేషంలో (నిమేషమంటే రెప్పపాటు కాలం) 2,202 యోజనాలు నడిచే నీకు నమస్కారం అని. యోజనం పాతకాలపు దూరపు కొలత. అక్కడ నడుస్తున్నది సూర్యుడు. కాంతి గురించి ఆ శ్లోకం మాట్లాడలేదు.

సరే, కాంతి గురించే అనుకుందాం. యోజనానికి 9 మైళ్లు వేసుకుని, విష్ణుపురాణం చెప్పినట్టు 15 నిమేషాలు ఒక కాష్ఠ (పాతకాలపు కాలమానంలో ఒక కొలత) అనుకుంటే, సెకనుకు సుమారు 1,86,000 మైళ్లు వస్తుంది. అసలు విలువకు చాలా దగ్గర. అందుకే అందరూ ఆశ్చర్యపోతారు. కానీ మనుస్మృతిలో కాష్ఠకు 18 నిమేషాలు. ఆ లెక్క వేస్తే అదే శ్లోకం నుంచి 2,23,000 మైళ్లు వస్తుంది. యోజనానికి 8 మైళ్లు వేస్తే 1,65,000కు దిగిపోతుంది.

ఈ 8 మైళ్లు నేను తెచ్చిపెట్టింది కాదు. "జుగ సహస్ర జోజన పర భానూ" అని హనుమాన్ చాలీసాలో ఉంది కదా, అందులో సూర్యుడి దూరం ఉందంటూ తిరిగే లెక్క కూడా మీ గ్రూపులోకి వచ్చే ఉంటుంది. యుగానికి 12,000, సహస్రానికి 1,000, యోజనానికి 8 మైళ్లు, గుణిస్తే 9.6 కోట్ల మైళ్లు. అసలు సగటు దూరం 9.3 కోట్లు. ఇక్కడ 9 మైళ్లు వేస్తే 10.8 కోట్లు వచ్చి లెక్క చెడుతుంది. ఒక లెక్కలో 9, ఇంకో లెక్కలో 8! జవాబు ముందే దగ్గర పెట్టుకుని, దానికి సరిపోయే యోజనాన్ని వెతుక్కుంటున్నారు. పైగా ఆ 12,000 దివ్య సంవత్సరాల (దేవతల లెక్కలోని ఏళ్ల) సంఖ్య, దూరం కాదు.

కాంతికి వేగం ఉందని నిజంగా ఎలా తెలిసిందో చూడు. 1676లో రోమర్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు గురుగ్రహం చుట్టూ తిరిగే అయో అనే ఉపగ్రహం గ్రహణాలను గమనించాడు. భూమి గురుడికి దూరమవుతున్న నెలల్లో ఆ గ్రహణాలు ఆలస్యమవుతున్నాయి, దగ్గరవుతున్నప్పుడు ముందుకు జరుగుతున్నాయి. కాంతి ఆ అదనపు దూరం దాటడానికి సమయం తీసుకుంటోందని తేల్చాడు. అప్పటి కొలతలతో వచ్చిన అంకె అసలుకన్నా బాగా తక్కువే. అయినా ఎలా తెలిసిందో దారి కనిపిస్తోంది, అనుమానం ఉన్నవాడు మళ్లీ చూసుకోవచ్చు. శ్లోకంలో ఆ దారి లేదు.

ఇక నీ రెండో మిత్రుడికి ఒక మాట. సాయణుడి భాష్యం మీద కాంతి వేగాన్ని అంటించింది ఈ కాలం మనుషులు. ఆ తప్పుకు ఆయన్ని బూటకం అనడం అన్యాయం. ఆ భాష్యమే లేకపోతే ఎన్నో మంత్రాల ముందు మనం నోరు తెరుచుకుని నిలబడాల్సి వచ్చేది. ఆయన్ని చదివి ఒప్పుకోకపోయినా నాకు బాధ లేదు. చదవకుండా తీసిపారేస్తేనే బాధ.

ప్రశ్న: భారతంలో ప్రక్షిప్తాలు (తర్వాత ఎవరో కలిపిన భాగాలు) ఉన్నాయని పండితులే ఒప్పుకుంటున్నారు. బైబిల్లోనూ అంతేనట. మనుషులు కలుపుతూ పోయిన పుస్తకాన్ని నమ్మడమెలా? నమ్మలేనప్పుడు అందులోని దేవుణ్ణి మాత్రం ఎందుకు నమ్మాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయండీ. పాఠం, అంటే గ్రంథంలోని మాటలు, చెడకుండా మనదాకా వచ్చిందా? వచ్చిన పాఠం చెప్పేది నిజమా? దేవుడున్నాడా? మొదటిదానికి జవాబు వెతకవచ్చు, చాలావరకు దొరుకుతుంది కూడా.

పుణేలోని భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966 నాటికి భారతం సంశోధిత ప్రతిని పూర్తిచేసింది. 1,259 రాతప్రతులు సేకరించి, శ్లోకం పక్కన శ్లోకం పెట్టి పోల్చారు. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాయడం, మనందరికీ చిన్నప్పటినుంచీ తెలిసిన కథ, ఆ ప్రతిలో మూలపాఠంలోకి రాలేదు, అనుబంధంలోకి వెళ్లింది. సభలో ద్రౌపది కృష్ణుణ్ణి పిలవడమూ మూలంలో లేదు. వస్త్రాలు వస్తూనే ఉంటాయి, ఎవరిచ్చారో పాఠం చెప్పదు. ఆ పుటల అడుగున సన్నని అక్షరాల్లో ఏ ప్రాంతపు ప్రతిలో ఏముందో వరసగా ఇచ్చారు. కలిపిన ప్రతి పాదానికీ అక్కడ లెక్క ఉంది. ఆ పని చేసినవాళ్లలో ఎక్కువమంది భారతాన్ని ప్రాణంగా ప్రేమించినవాళ్లే. నాకు వాళ్లంటే అపారమైన గౌరవం.

బైబిల్ విషయంలోనూ మీరు విన్నది నిజమే. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు 4వ శతాబ్దపు రెండు ముఖ్యమైన ప్రతుల్లో లేవు. చాలా ఆధునిక అనువాదాలు ఆ సంగతి అక్కడే గుర్తుపెట్టి చెబుతాయి. రెండోవైపూ చూడండి. 1947 నుంచి మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో దొరికిన చుట్టల్లో యెషయా గ్రంథం ఉంది. అప్పటిదాకా ఆధారంగా ఉన్న, 1008లో రాసిన హీబ్రూ ప్రతికన్నా అది సుమారు వెయ్యేళ్లు పాతది. రెండూ పోల్చితే అక్షరక్రమంలో, మాటల్లో తేడాలు బోలెడు, గ్రంథం మాత్రం చాలావరకు అదే. బర్మింగ్‌హామ్‌లో ఉన్న ఖురాన్ పత్రాల తోలును కార్బన్ పరీక్ష చేస్తే 568కీ 645కీ మధ్యది అని తేలింది, అంటే ప్రవక్త కాలానికి అంత దగ్గర.

వేదాన్ని కాపాడిన తీరు ఇంకా విచిత్రం. అది నోటితోనే వచ్చింది. ఘనపాఠం అనే వల్లెవేసే పద్ధతిలో మూడు పదాలను ఎలా చెబుతారో చూడండి: ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు. తర్వాత రెండో పదం నుంచి మళ్లీ ఇదే వరస. ఇన్ని ముడులు వేసి చెబితే ఒక్క స్వరం జారినా పక్కవాడు పట్టేస్తాడు. తరగతిలో ఇది వినిపించిన రోజు, నిద్రపోయే వెనక బెంచీ పిల్లలు కూడా లేచి కూర్చునేవారు.

అయితే ఇంత భద్రంగా వచ్చిందని చెప్పేది మోసుకొచ్చినవాళ్ల నిజాయితీ గురించే. అందులో ఉన్నది దేవుడి మాట అని దీనివల్ల రుజువు కాదు. భక్తులు ఈ మెట్టు దగ్గర ఒక గెంతు గెంతుతారు. నాస్తికులు ఇంకోవైపు గెంతుతారు: కలిపిన శ్లోకం దొరికింది కాబట్టి దేవుడు లేడు అని. లోకంలో ఒక్క పవిత్ర గ్రంథం కూడా లేకపోయినా "దేవుడున్నాడా?" అన్న ప్రశ్న ఉండేది. గ్రంథం నమ్మదగిందని తేల్చడానికి ఆ గ్రంథంలోని వాక్యాన్నే సాక్ష్యం తెస్తే ఏ మతంలోనైనా నేను ఒప్పుకోను.

ప్రశ్న: మీరు ఆస్తికులని మీ జవాబులనుబట్టి అర్థమవుతోంది. సూటిగా అడుగుతున్నా. దేవుడున్నాడని రుజువు చెయ్యండి, లేకపోతే లేడని ఒప్పుకోండి.
– నాస్తికుడైన పాఠకుడు

జవాబు: అవును, నేను నమ్ముతాను. రుజువు చెయ్యలేను. ఉన్నాడన్నవాళ్ల మీదే రుజువు భారం ఉండటం న్యాయమే.

కానీ దేవుణ్ణి ప్రశ్నించే ఈ వాదన మీరు నేర్పితేనో, పాశ్చాత్యులు నేర్పితేనో మాకు వచ్చింది కాదు. కుమారిలభట్టు శ్లోకవార్తికం తెరవండి. వేదం కోసం జీవితం ధారపోసిన మీమాంసకుడు (వేదవాక్యాల అర్థాన్ని విచారించే దర్శనానికి చెందినవాడు) ఆయన. సృష్టికర్తను ఒప్పుకోడు. సృష్టికి ముందు ఏమీ లేనప్పుడు ఆ సృష్టించడం ఎవరు చూశారు? శరీరం లేనివాడికి సృష్టించాలన్న కోరిక ఎలా పుట్టింది? దయతో చేశాడంటారా, దయ చూపడానికి అప్పటికి ఎవరున్నారు? దయే కారణమైతే సుఖమొక్కటే ఉన్న లోకాన్ని చెయ్యొచ్చు కదా? ఇవన్నీ ఆయన ప్రశ్నలు. కుండకు కుమ్మరి ఉన్నట్టు తయారైన వస్తువైన జగత్తుకు కర్త ఉండాలని ఉదయనుడు అనే తార్కికుడు న్యాయకుసుమాంజలిలో వాదించాడు. నాకు ఉదయనుడి తర్కం ఇష్టం. అయినా కుమారిలుడి చివరి ప్రశ్నకు అందులో తృప్తికరమైన జవాబు నాకు కనబడలేదు. నొప్పితో మెలికలు తిరుగుతున్న పసిబిడ్డ ముందు నిలబడి పూర్వకర్మ గురించి చెప్పడం నావల్ల కాదు, చెప్పేవాళ్లను చూస్తే కోపం వస్తుంది.

మరి ఎందుకు నమ్ముతున్నారంటే, ప్రార్థనలో కూర్చున్నప్పుడు నేను ఒంటరిగా లేనన్న ఎరుక నాకు కలుగుతుంది. అది నా మనసు కల్పించుకున్నదే అని మీరు అనవచ్చు. అలా కాదని మీకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకే నా నమ్మకాన్ని ఇంకొకరి మీద రుద్దే హక్కు నాకు లేదనుకుంటాను. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం, ఈ సృష్టి ఎక్కడినుంచి వచ్చిందో పైనున్న అధ్యక్షుడికి తెలుసు, లేదా ఆయనకూ తెలియదేమో అంటూ ఆగిపోతుంది. ఆ మాట రాసినవాడి పక్కన కూర్చోవడానికి నాకు ఇబ్బంది లేదు. మీకూ ఉండదనుకుంటాను.

ప్రశ్న: మా అబ్బాయి నాస్తికుణ్ణని చెబుతున్నాడు. ప్రార్థనకు రాడు. ఆయనకీ వాడికీ రోజూ గొడవే. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వాణ్ణి మార్చేదెలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అబద్ధం ఆడుతున్నాడా? ఎవరినైనా మోసం చేస్తున్నాడా? మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు. తనకు నిజమనిపించింది మీ ముందు చెప్పాడు. నమ్మకం లేకుండా కళ్లు మూసుకుని కూర్చుంటే మీకు నచ్చేదా?

మన గోరాగారు పూర్తి నాస్తికులు, గాంధీగారు పూర్తి ఆస్తికులు. గాంధీగారి సేవాగ్రామ్ ఆశ్రమంలో ఇద్దరూ కూర్చుని ఈ విషయమే మాట్లాడుకున్నారు. ఎవరూ ఎవరినీ మార్చలేదు. గోరాగారి అమ్మాయి పెళ్లి ఆశ్రమంలో జరిపించడానికి, అందులో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు చెప్పడానికి గాంధీగారు ఒప్పుకున్నారు. ఆయన పోయాక 1948లో ఆ పెళ్లి అక్కడే జరిగింది.

ముందు మీవారితో మాట్లాడండి. ప్రార్థన వేళ అబ్బాయిని పిలవడం, రాలేదని అరవడం కొన్నాళ్లు ఆపమనండి. తర్వాత అబ్బాయి ఏం చదువుతున్నాడో అడిగి ఆ పుస్తకం తీసుకుని మీరూ చదవండి. అర్థంకాని చోట వాణ్ణే అడగండి. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పండి. పైన ఇంకో పాఠకుడికి రాసిన కుమారిలుడి ప్రశ్నలు వాడికి చూపించండి, వాడికి తెలిసి ఉండకపోవచ్చు.