ఫైలు ఆగినంత మాత్రాన కొర్రీ పడినట్టు కాదు

ఈసారి సెలవులకు హన్మకొండ వచ్చినప్పుడు, మా వీధి చివర ఉండే పెద్దాయన ఒకరు సాయంత్రం పూట వచ్చి కూర్చుని, ఆస్ట్రేలియాలో ఉన్న తన బిడ్డ గురించి ఒక సందేహం అడిగారు. ఆయన కలెక్టరేట్‌లో సూపరింటెండెంట్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. బిడ్డా అల్లుడూ శాశ్వత నివాస వీసా మీద మెల్‌బోర్న్ వెళ్లి ఏడాది కూడా కాలేదు. ఇద్దరూ ఉద్యోగాల్లో చేరడంతో నాలుగేళ్ల మనుమడిని డే కేర్‌లో వేసి, ఆ ఫీజులో ప్రభుత్వం భరించే చైల్డ్ కేర్ సబ్సిడీకి దరఖాస్తు పెట్టుకున్నారు. కొన్ని వారాలు చూసి ఫోన్ చేస్తే, దరఖాస్తు మీద పని పూర్తయిందనీ, అయితే అది నాణ్యత తనిఖీలో ఉందనీ చెప్పారట. "ఏం కొర్రీ పెట్టిండ్రంటవ్? మా పిల్ల కాయితాల్ల ఏం తప్పు దొరికింది?" అన్నది సారు ప్రశ్న. ఇదే ప్రశ్న కొత్తగా వచ్చిన మన పిల్లలు నన్ను అక్కడ ఏటా అడుగుతూనే ఉంటారు కనుక, ఆయనకు చెప్పినదాన్ని కొంచెం విస్తరించి ఇక్కడ రాస్తున్నాను. నేను పద్నాలుగేళ్లుగా అక్కడే ఉంటున్నాను. అందులో కొన్నేళ్లు ఒక ప్రభుత్వ సేవల కార్యాలయంలో దరఖాస్తులు పరిష్కరించే పనే చేశాను.

సారుకు ఆ అనుమానం రావడంలో ఆశ్చర్యం లేదు. మన కార్యాలయాల్లో జూనియర్ అసిస్టెంట్ నోటు రాసి పెడితే సూపరింటెండెంట్ దాన్ని దిద్ది పైకి పంపుతాడు, ఆపై అధికారి సంతకం చేస్తే గాని అది నిర్ణయం కాదు. ప్రతి ఫైలూ ఆ మెట్లన్నీ ఎక్కవలసిందే కాబట్టి, ఒక మెట్టు దగ్గర ఆగిందంటే అక్కడ ఎవరో ఏదో అభ్యంతరం చెప్పారనే అర్థం. ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి "తనిఖీలో ఉంది" అన్న మాట మరోలా వినబడదు. ఆస్ట్రేలియాలో ఏర్పాటు వేరు. ఇలాంటి సబ్సిడీలూ భృతులూ చూసే సెంటర్‌లింక్, ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికేర్ సేవలను నడిపే సర్వీసెస్ ఆస్ట్రేలియా సంస్థలో, చట్టం ఇచ్చిన నిర్ణయాధికారాన్ని కింది స్థాయి ఉద్యోగుల దాకా రాతపూర్వకంగా అప్పగిస్తారు. మీ దరఖాస్తు తెరిచిన ఉద్యోగే పత్రాలు చూసి, నిబంధన చదివి, నిర్ణయం తీసుకుంటాడు. పైన సంతకం పెట్టేవారంటూ ఎవరూ ఉండరు. అన్ని ఫైళ్లనూ రెండో మనిషి చూసే పద్ధతి లేదు గనుక, కొన్నింటిని మాత్రం నమూనాగా తీసి చూస్తారు.

సెంటర్‌లింక్ పనిలో ఈ పద్ధతికి క్వాలిటీ ఆన్‌లైన్ అని పేరు. ఉద్యోగి తన పని ముగించి ఖరారు చేసే సమయంలో కంప్యూటరే కొన్నింటిని ఎంచి నిలుపుతుంది, అందుకోసం ప్రత్యేకంగా శిక్షణ పొందిన మరో ఉద్యోగి దాన్ని మొదటినుంచి చూసి, సరిగా ఉంటే వదులుతాడు, లేకపోతే చేసినవారికే తిప్పి పంపుతాడు. ఏ ఉద్యోగి పనిలో ఎంత భాగాన్ని ఎంచాలన్నది ఆ ఉద్యోగి అనుభవాన్ని బట్టి మారుతుంది. కొత్తగా చేరి నేర్చుకుంటున్నవారి పని మొత్తం తనిఖీకి పోతుంది, చేయి తిరిగినవారి పనిలో నూటికి కొద్దిపాటి మాత్రమే పోతుంది. కాబట్టి మీ ఫైలు అక్కడ ఆగితే, మీ అదృష్టం కొద్దీ అది కొత్త ఉద్యోగి చేతిలో పడి ఉండవచ్చు, లేదా నమూనాలో దాని వంతు వచ్చి ఉండవచ్చు. పరీక్ష మీకు కాదు, మీ ఫైలు చేసిన మనిషికి. "అదృష్టం" అన్నది వెటకారానికి అనలేదు. నిర్ణయం బయటికి రాకముందే రెండో జత కళ్లు చూసిన ఫైలు మీదైతే మీకే మేలు.

ఆ రెండో మనిషి ఏం చూస్తాడంటే, ప్రధానంగా నాలుగు సంగతులు: చెల్లింపు సరైన వ్యక్తికి, సరైన పథకం కింద, సరైన మొత్తంలో, సరైన తేదీ నుంచి వెళ్తున్నదా అని. వీటిలో ఏది తప్పినా అది పెద్ద తప్పు కిందికి వస్తుంది, దిద్దేదాకా నిర్ణయం బయటికి పోదు. ఫైలులో రాయవలసిన వివరణ సరిగా రాయకపోవడం వంటి చిన్న లోపాలను, చెల్లింపు మీద ప్రభావం లేకపోతే, వేరుగా నమోదు చేసి ఉద్యోగికి తెలియజేస్తారు. నేను చేరిన తొలి నెలల్లో నా పనిలో ఎక్కువగా తిరిగి వచ్చినవి తేదీల దగ్గరే. నిబంధన ప్రకారం హక్కు మొదలయ్యే రోజూ, దరఖాస్తు అందిన రోజూ, నేను ఫైలు తెరిచిన రోజూ మూడూ వేర్వేరు అన్న సంగతి చేతికి అలవాటు కావడానికి సమయం పట్టింది. మన దగ్గర తప్పంటే మెమో అని పెరిగినవాణ్ని గనుక, మొదటిసారి ఫైలు తిరిగి వచ్చినప్పుడు ఆ రాత్రి నిద్రపట్టలేదు. పక్క సీటులోని ఆమె తనకు ఆ వారం నాలుగు తిరిగి వచ్చాయని నవ్వుతూ చెప్పాక గాని మనసు కుదుటపడలేదు. పబ్లిక్ సర్వీసులో శాశ్వత ఉద్యోగానికి సాధారణంగా పౌరసత్వం ఉండాలి గనుక మీలో చాలామందికి ఇది నాలుగైదేళ్ల తర్వాతి మాట, కాని చేరినప్పుడు గుర్తుపెట్టుకోండి.

ఇక ఈ దశలో మన వాళ్లు చేసే పనుల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, ఆగిందన్న తొందరలో అదే దరఖాస్తును రెండోసారి పెట్టడం. రెండో దరఖాస్తు మొదటిదాన్ని ముందుకు తొయ్యదు. రెండిట్లో ఏది అసలుదో తేల్చే కొత్త పని పుట్టి, మొదటిదాన్ని మరింత ఆలస్యం చేస్తుంది. మొదటి దరఖాస్తు రసీదు నంబరు దాచుకుని, మైగవ్ అనే ప్రభుత్వ సేవల ఆన్‌లైన్ ఖాతాలో అదనపు పత్రాలేమైనా అడిగారేమో చూసుకుంటే చాలు. ఇంగ్లీషులో ఇబ్బంది పడేవారు 131 202 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే సదుపాయం కల్పిస్తారు, దానికి డబ్బు కట్టనక్కరలేదు. తల్లిదండ్రులు వెంట ఉన్నవారికి ఇది మరీ ఉపయోగం.

రెండోది పైరవీ. "లోపల మనోళ్లు ఎవరన్న ఉన్నరా" అని సారు కూడా మెల్లగా అడిగారు. ఉన్నారు, కాని వారిని అడగవద్దు. బంధువులవీ స్నేహితులవీ అయిన ఫైళ్ల మీద ఉద్యోగి పని చేయకూడదు. పనికి సంబంధం లేకుండా ఎవరి రికార్డు తెరిచినా దాని జాడ వ్యవస్థలో మిగులుతుంది, అది 1999 నాటి సామాజిక భద్రతా నిర్వహణ చట్టం కింద నేరం కూడా. మీ ఫైలు ఎంతవరకు వచ్చిందో చూసి చెప్పిన పాపానికి ఒక తమ్ముడి ఉద్యోగం పోవచ్చు.

సారుకు నేను ఎక్కువసేపు చెప్పింది మాత్రం వీటి గురించి కాదు, ఆ తనిఖీకి కనబడని వాటి గురించి. తనిఖీ చేసేవారు ఫైలులో ఉన్నదాన్ని, నిబంధనతో పోల్చి చూస్తారు. ఫైలులో లేనిదాన్ని వారు చూడలేరు, మీరే తప్పుగా రాసినదాన్ని పట్టుకోలేరు. నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. మా పెద్దబాబు పేరును ఒక దరఖాస్తులో రాసేటప్పుడు, మన అలవాటు కొద్దీ ఇంటిపేరును ముందు రాసి, అసలు పేరును ఇంటిపేరు గడిలో పెట్టాను. ఉద్యోగి నేను రాసింది రాసినట్టే ఎక్కించాడు, ఆ పనిలో ఏ తప్పూ లేదు, ఎవరు తనిఖీ చేసినా సరిగానే ఉందంటారు. కార్డు తిరగేసిన పేరుతో ఇంటికి వచ్చింది, తర్వాత బడిలోనూ ఆసుపత్రిలోనూ దాన్ని దిద్దించుకోవడానికి ఏడాది పట్టింది.

ఓరుగల్లు ప్రాంతం నుంచి వచ్చేవారికి పేరుతో పాటు ఊరి చిక్కు కూడా ఉంది. 2014 జూన్ 2కు ముందు తీసుకున్న పత్రాల్లో పుట్టిన చోటు ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది, తర్వాతి వాటిలో తెలంగాణ అని. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడగొట్టారు, 2021లో వరంగల్ అర్బన్ పేరును హన్మకొండగా మార్చారు. అందువల్ల ఒకే మనిషికి బడి సర్టిఫికెట్‌లో వరంగల్, ఆధార్‌లో వరంగల్ అర్బన్, కొత్త పాస్‌పోర్టులో హన్మకొండ కనబడవచ్చు. ఇది మనకు పట్టింపు కాదు గాని, కాన్‌బెర్రాలోనో బ్రిస్బేన్‌లోనో కూర్చున్న ఉద్యోగికి ఇవి మూడు వేర్వేరు ఊళ్లు. ఏ పత్రంలో ఎందుకు ఏ పేరుందో నాలుగు వాక్యాల్లో రాసి, దరఖాస్తుతో పాటే జత చేస్తే, వారు అడిగేదాకా ఆగే పని ఉండదు.

నిబంధనే తప్పుగా అమలైతే ఏమిటని సారు అడిగారు, మంచి ప్రశ్న. దానికి అక్కడే పెద్ద ఉదాహరణ ఉంది. రోబోడెట్ అని జనం పేరు పెట్టిన పథకంలో, ఏడాది ఆదాయాన్ని రెండు వారాల చొప్పున సమానంగా పంచి, లెక్క తేలకపోతే బాకీ ఉన్నారంటూ లక్షలాది మందికి నోటీసులు పంపారు. ఆ లెక్కింపు పద్ధతికే చట్టం ఆధారం లేదని 2019లో తేలింది, దాని మీద విచారణకు వేసిన, కేథరిన్ హోమ్స్ నేతృత్వంలోని రాయల్ కమిషన్ 2023 జూలైలో నివేదిక ఇచ్చింది. ఒక్కొక్క ఉద్యోగి పనిని ఎంత నిక్కచ్చిగా తనిఖీ చేసినా, చెప్పినట్టు చేశాడా లేదా అన్నదే తేలుతుంది గాని, చెప్పినది న్యాయమా కాదా అన్నది తేలదు.

అందుకే నాణ్యత తనిఖీని పునఃపరిశీలన అనుకోవద్దు. నిర్ణయం మీకు వ్యతిరేకంగా వచ్చి అది తప్పని మీకు అనిపిస్తే, కారణం వివరించమని అడగవచ్చు, పునఃపరిశీలన కోరవచ్చు. అప్పుడు మొదటి నిర్ణయంతో సంబంధం లేని పునఃపరిశీలన అధికారి ఫైలు చూస్తారు. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే, 2024 అక్టోబరు నుంచి పనిచేస్తున్న అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. సెంటర్‌లింక్ చెల్లింపులు చాలావాటికి, నిర్ణయం తెలిసిన 13 వారాల్లోపు అడిగితేనే పాత తేదీ నుంచి బకాయి వస్తుంది గనుక, ప్రజావాణికి ఏ సోమవారమైనా పోవచ్చులే అన్నట్టు వాయిదా వేయకండి. మీ ఫైలులో ఏముందో చూడాలంటే, అక్కడి 1982 నాటి సమాచార స్వేచ్ఛా చట్టం కింద మీ సొంత వివరాలు అడగడానికి రుసుము లేదు. అలాగే, మీకు రావలసిన దానికంటే ఎక్కువ డబ్బు పడితే, తనిఖీ దాటి వచ్చింది కదా అని ఖర్చు పెట్టవద్దు. తప్పు వారిదే అయినా తర్వాత తిరిగి కట్టమంటారు. పూర్తిగా వారి పొరపాటే అయితే రద్దు చేసే వీలు చట్టంలో ఉంది గాని, దాని షరతులు కఠినం.

ఇంత చెప్పాక నేను సారును ఒకటే అడిగాను: మనుమడి టీకాలు అక్కడ ఎక్కించారా అని. టీకాలంటే వేయించడం కాదు, హన్మకొండలో వేసిన టీకాలను ఆస్ట్రేలియా టీకాల రిజిస్టర్‌లో నమోదు చేయించడం. చైల్డ్ కేర్ సబ్సిడీకి ఆ రిజిస్టర్‌లో పిల్లవాడి టీకాలు సరిగా కనబడాలి. మనం పంపిన కార్డును ఫైలు చేసే ఉద్యోగి నమోదు చేయడు, దాన్ని అక్కడి డాక్టరు దగ్గరికో నర్సు దగ్గరికో తీసుకుపోయి ఎక్కించుకోవాలి. రిజిస్టర్ ఖాళీగా ఉంటే, ఎవరు తనిఖీ చేసినా సబ్సిడీ ఆపడమే సరైన నిర్ణయం అవుతుంది.

సారు మాట్లాడకుండా లేచి ఇంటికి వెళ్లి, పది నిమిషాల్లో ప్లాస్టిక్ కవరులో పెట్టిన టీకాల కార్డుతో తిరిగి వచ్చారు. పోయేటప్పుడు భద్రంగా ఉంటుందని అమ్మాయే బీరువాలో పెట్టి వెళ్లిందట. రెండు వైపులా ఫొటో తీసి బిడ్డకు పంపాం. పద్నాలుగు వారాలకు వేసిన పెంటావాలెంట్ మూడో డోసు దగ్గర తేదీ తడిసి చెరిగిపోయి ఉంది. మరునాడు పొద్దున్నే ఆరోగ్య కేంద్రానికి పోయి, ఏఎన్ఎం రిజిస్టర్‌లో ఆ తేదీ వెతికించి, సంతకంతో రాయించుకు వస్తానని సారు వెళ్లారు.