పేరులో రైజో ఉన్నవన్నీ ఒకటేనా?

ప్రశ్న: శనగ విత్తనానికి రైజోబియం పట్టించమన్నారు, మైకోరైజా పొడి కూడా వేయమన్నారు. పోయిన పంట రైజోక్టోనియా వల్లే ఎండిపోయిందట. అన్నిట్లో రైజో ఉంది కదా, ఆ తెగులునే మళ్లీ పొలంలోకి తెచ్చుకున్నట్టు కాదా?

జవాబు: కాదు. గ్రీకులో రైజా అంటే వేరు, అంతే. అసలు సంగతి దాని పక్కన చేరిన మాటలో ఉంటుంది. రైజోబియం వేరులో బతికే బాక్టీరియా. మైకోరైజా అంటే శిలీంధ్రానికీ వేరుకూ కుదిరిన పొత్తు; ఈ మాటను 1885లో ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టారు. రైజోక్టోనియా మాత్రం వేరును చంపేది. అదీ వేరుకే పరిమితం కాదు, వరిలో పాముపొడ తెగులు తెచ్చేదీ ఈ జాతి శిలీంధ్రమే.

శనగలో రైజోక్టోనియా తెచ్చే వేరు తెగులును ఎండు కుళ్లు అంటారు. మీది అదే అయితే మొక్క గడ్డి రంగుకు తిరిగి ఉంటుంది. పీకితే పిల్లవేర్లు మట్టిలోనే ఉండిపోయి తల్లివేరు ఒక్కటే వస్తుంది, వంచితే పుటుక్కున విరుగుతుంది. పూత, కాయ దశలో ఎండ ముదిరి నేలలో పదును తగ్గితే ఇది విజృంభిస్తుంది.

ముందు కిలో విత్తనానికి 3 గ్రా. థైరం అనే శిలీంధ్రనాశని పట్టించి ఆరనివ్వండి. రైజోబియం ఎప్పుడూ చివరనే, మర్నాడు విత్తే ముందు. 100 మి.లీ. నీటిలో 10 గ్రా. బెల్లం మరిగించి, పూర్తిగా చల్లారాక 200 గ్రా. పొట్లం కలిపి 8 కిలోల గింజలకు పట్టించి నీడలో ఆరబెట్టండి. వేడి పాకంలో కలిపినా, ఎండలో పెట్టినా బాక్టీరియా చస్తుంది. చాలామంది చేసే తప్పు ఇదే. పొట్లం మీద శనగ అని ఉందో లేదో చూడండి, వేరుశనగ కల్చర్ దీనికి పనికిరాదు.

తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మాను విత్తనానికి కాక నేలకే ఇవ్వండి. ఎకరాకు 2 కిలోలు, 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, తడి చల్లి, నీడలో వారం పది రోజులు మాగబెట్టి పదునులో చల్లాలి. మైకోరైజా వేరుకు తగిలితేనే అంటుతుంది కాబట్టి సాలులో గింజ కింద పడాలి. భాస్వరం దండిగా ఉన్న నేలలో దానికి పెట్టే ఖర్చు దండగే.

నెల దాటాక ఒక మొక్కను పారతో మట్టితో సహా తీసి, వేరు కడిగి, దాని మీద రైజోబియం వల్ల ఏర్పడిన బుడిపెను కోయండి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని పట్టుకుంటున్నట్టే, యూరియా జోలికి పోవద్దు.