పాండాస్‌లో రెండు మెట్ల ఇండెక్స్: లోపలి మెట్టుతో వరుసలు తీయడం ఎలా?

పైథాన్ డేటా లైబ్రరీ పాండాస్‌లో మీ పట్టికని జిల్లా, ఏడాది మీద గ్రూప్‌బై చేశారు (గుంపులు కట్టారు), దాంతో ఇండెక్స్‌కి, అంటే వరుసల పేర్లకి, ఈ రెండు మెట్లూ వచ్చాయి. ఇప్పుడు పేరుతో వరుసలు తీసే లాక్ (.loc) లో 2023 ఇస్తే, ఆ పేరు దొరకలేదంటూ కీఎర్రర్ వస్తోంది. అంతేగా? లాక్ ముందుగా వెతికేది బయటి మెట్టులో, అంటే జిల్లాల్లో. అక్కడ 2023 అనే జిల్లా లేదు మరి!

'గుంటూరు' అని ఇస్తే ఆ జిల్లా ఏళ్లన్నీ వస్తాయి. గుంటూరు 2023 ఒక్కటే కావాలంటే రెండింటినీ కలిపి టపుల్‌గా, అంటే గుండ్రటి బ్రాకెట్లలో ఇచ్చి, కామా తర్వాత కోలన్ (అన్ని కాలమ్‌లూ అని) పెట్టండి. టపుల్ బ్రాకెట్లు వదిలేస్తే 2023ని కాలమ్ పేరనుకునే ప్రమాదం ఉంది. నేనైతే చాలాసార్లు ఇక్కడే బోల్తా పడ్డాను.

జిల్లాతో పనిలేకుండా లోపలి మెట్టు ఏడాదితోనే తీయాలంటే మీక్కావాల్సింది ఎక్స్‌ఎస్ (.xs). మొదట 2023, తర్వాత లెవెల్‌కి 'ఏడాది' అని ఇవ్వండి. అన్ని జిల్లాల 2023 వరుసలూ వచ్చేస్తాయి. ఫలితంలో ఏడాది మెట్టు మాయమవుతుంది. ఉంచాలంటే డ్రాప్_లెవెల్‌ని ఫాల్స్ చేయండి.

గ్రూప్‌బై మామూలుగా వరుసక్రమంలోనే ఇస్తుంది. కాలమ్‌లని ఇండెక్స్‌గా మార్చే సెట్_ఇండెక్స్‌తో కట్టిన ఇండెక్స్‌కి ఆ హామీ లేదు. 'గుంటూరు' నుంచి 'నెల్లూరు' దాకా స్లైస్ అడిగితే ఇండెక్స్ వరుసలో లేదంటూ అన్‌సార్టెడ్‌ఇండెక్స్‌ఎర్రర్ రావచ్చు. ముందు సార్ట్_ఇండెక్స్ చేయండి.

మరీ విసుగొస్తే రీసెట్_ఇండెక్స్ కొట్టి, మెట్లని తిరిగి కాలమ్‌లుగా మార్చేసి, మామూలు కాలమ్‌లతో పని కానివ్వండి, తప్పేం లేదు.