జోడు లేకుండానే సూదిలో దారం ఎక్కుతోందా? సంబరపడకండి, కంటి డాక్టరుకు చూపించండి

ప్రశ్న: మా అత్తయ్యగారికి 71 ఏళ్లు. షుగరు వచ్చి 14 ఏళ్లయింది, బీపీకి కూడా మందులు వాడుతున్నారు. మామయ్యగారు పోయాక రోజంతా టీవీ ముందే కూర్చుంటున్నారు. పాత చీరలు, న్యూస్‌పేపర్లు, దూది, కొబ్బరి చిప్పలు లాంటి ఇంట్లో దొరికే వాటితో ఆవిడ సులువుగా చేసుకోగల చేతిపనులు కొన్ని చెబుతారా? ఈ మధ్య పాత చీరలతో బొంత కుట్టడం మొదలుపెట్టారు. కళ్లజోడు తీసేసి మరీ సూదిలో దారం ఎక్కిస్తున్నారు, మాకే ఆశ్చర్యం! (రాత్రిళ్లు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి అంటున్నారు. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ల వేసుకుంటే తగ్గుతోంది.)
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మీరు అడిగింది చేతిపనుల గురించి. నా కన్ను మాత్రం బ్రాకెట్లో రాసిన రెండు ముక్కల దగ్గర ఆగిపోయింది, ఆ తర్వాత కళ్లజోడు సంగతి దగ్గర. ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి ముందు అవే చెప్పేస్తాను. బొంత దగ్గరికి తర్వాత వద్దాం. మనిషిని చూడకుండా, చేయి పట్టి పరీక్షించకుండా చెబుతున్న మాటలివి. అనుమానాలుగానే తీసుకోండి, జబ్బు ఫలానా అని తేల్చేశాననుకోకండి.

ముందు కన్ను. 71 ఏళ్ల వయసులో, అదీ షుగరు ఉన్నవాళ్లకి, దగ్గరచూపు ఊరికే బాగుపడదు. బాగుపడినట్టు అనిపిస్తే మాకు రెండు అనుమానాలు వస్తాయి. ఒకటి శుక్లం. కంటి లెన్సు నడిమి భాగం ముదిరి గట్టిపడే రకం శుక్లంలో కొన్నాళ్లు దగ్గరివి జోడు లేకుండానే కనబడతాయి, దూరంవి మసకబారతాయి. ఇంట్లోవాళ్లు ‘అమ్మకి చూపు తిరిగొచ్చింది’ అని పక్కింటికి కూడా చెప్పుకుంటారు. శుక్లం ఇంకా ముదిరాక ఆ దగ్గరచూపూ పోతుంది. రెండోది షుగరు అదుపు తప్పడం. రక్తంలో గ్లూకోజు బాగా పెరిగితే లెన్సులోకి నీరు చేరి జోడు నెంబరు మారిపోతుంది, షుగరు దిగాక మళ్లీ మారుతుంది. అందుకే షుగరు నిలకడకు రాకముందే కొత్త జోడు చేయించడం డబ్బు దండగ.

టీవీ ముందే కూర్చుంటున్నారని రాశారు. ఎంత ముందు? కుర్చీ మెల్లగా టీవీ దగ్గరికి జరిగిందేమో గమనించారా? మామూలుగా కూర్చునే చోటు నుంచి తెర కింద నడిచే వార్తల అక్షరాలు చదవమనండి. చదవలేకపోతే నా అనుమానం బలపడినట్టే. చదివినా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందే. షుగరు ఉన్నవాళ్లకి ఏడాదికోసారైనా కళ్లలో చుక్కలు వేసి లోపలి రెటీనా చూడాలి. 14 ఏళ్లలో అది ఎన్నిసార్లు జరిగిందో మీరు రాయలేదు. చుక్కలు వేసిన రోజు కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, ఒంటరిగా పంపకండి.

ఇక తిమ్మిరి. ఏ వేళ్లు? బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారి, చిటికెనవేలు బాగానే ఉండి, అర్ధరాత్రి లేచి చేయి విదిలిస్తే హాయిగా ఉంటే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని అనుకుంటాం. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. గంటలకొద్దీ సూది బిగించి పట్టుకుని, మణికట్టు వంచి కుడితే ఉన్నది ఇంకాస్త పెరుగుతుంది. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే తిమ్మిరి సాధారణంగా పాదాల్లో మొదలవుతుంది. పాదాలు బాగుండి చేతులే తిమ్మిరెక్కుతుంటే మణికట్టును, మెడను కూడా చూడాలి. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుంది, అదీ ఒక కారణం కావచ్చు. తొలి రోజుల్లో అయితే రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటేనే చాలామందికి సుఖంగా ఉంటుంది. నెలల తరబడి నాన్చితే బొటనవేలి మొదట్లో ఉండే కండ కరిగిపోతుంది. ఆ తర్వాత ఆపరేషన్ చేసినా పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టించి చూడండి, ఒకవైపు పల్లంగా కనబడుతోందా?

ఇది మాత్రం గుర్తుంచుకోండి. చేయి ఉన్నట్టుండి పట్టు తప్పినా, మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా అది తిమ్మిరి కాదు, పక్షవాతం కావచ్చు. 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలంటే మొదలైన నాలుగున్నర గంటల్లోపే. ‘తెల్లారాక చూద్దాం’ అనే మాట వద్దు.

అసలు నాకు కోపం వచ్చింది నొప్పి బిళ్ల దగ్గర. పేరు రాయలేదు. ‘చేతులు లాగుతున్నాయి’ అంటే షాపులో ఇచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి. అవి బీపీ పెంచుతాయి, కడుపులో పుండు చేస్తాయి. మలం తారులా నల్లగా వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. 14 ఏళ్ల షుగరు కిడ్నీని ఇప్పటికే ఎంతో కొంత నలిపి ఉండవచ్చు. బీపీకి టెల్మిసార్టాన్ లాంటి మందు, దానితో కలిపి మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు వాడేవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ రెండింటికి నొప్పి బిళ్ల మూడోదిగా చేరితే, ఎండాకాలంలోనో విరేచనాలయినప్పుడో ఒంట్లో నీరు తగ్గగానే కిడ్నీ చేతులెత్తేసే ప్రమాదం ఉంది. ‘గ్యాస్ బిళ్ల కూడా వేసుకుంటున్నారండీ’ అని మీరనబోతున్నారని తెలుసు. గ్యాస్ బిళ్ల కాస్తో కూస్తో కడుపును కాస్తుంది, కిడ్నీని కాదు.

మొన్న ఒక పెద్దాయన కాళ్ల వాపుతో వచ్చారు. బిళ్లలేమైనా వాడుతున్నారా అంటే ‘బీపీవి ఒక్కటే’ అన్నారు. రిపోర్టు చూపిద్దామని చొక్కా జేబులోంచి కళ్లజోడు తీస్తుంటే సగం అయిపోయిన నొప్పి బిళ్లల అట్ట కిందపడింది. ‘ఇదా? ఇది మందు కాదండి, మోకాళ్లకి’ అన్నారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ చూస్తే 3 దాటింది, చాలా ఎక్కువ. ఆయన్ని ఏమనగలం, షాపులో చీటీ అడగకుండా ఇస్తుంటే!

కాబట్టి ఆ బిళ్ల ఇవాళే ఆపించండి. గుండెకో పక్షవాతానికో డాక్టరు రాసిన ఆస్పిరిన్ ఉంటే అది వేరు, దాన్ని మీ అంతట మీరు ఆపవద్దు. నొప్పికి పారాసిటమాల్ సరిపోవచ్చు, ఎంత మోతాదో ఆవిడ్ని చూసే డాక్టరే చెప్పాలి. ఈ వారంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), బి12, థైరాయిడ్ చేయించుకుని వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న అట్టలన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకెళ్లండి.

ఇప్పుడు మీరడిగింది. బొంత మాన్పించనక్కర్లేదు. అయితే నేల మీద కాదు, బల్ల ముందు కుర్చీలో, వెలుతురు బాగా పడేచోట. ఇరవై నిమిషాలు కుట్టాక సూది పక్కన పెట్టి వేళ్లు చాచి ముడవాలి. దారం మీరో పిల్లలో పొద్దున్నే ఎక్కించి, పది సూదులు థర్మాకోలు ముక్కకి గుచ్చి ఇవ్వండి. సాయంత్రం లెక్కపెట్టండి, పదే ఉండాలి. ఎందుకంటే షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకి సూది గుచ్చుకున్నా తెలియదు. మడమ వాచిందని వచ్చిన ఒకావిడకి ఎక్స్‌రే తీస్తే లోపల అర అంగుళం విరిగిన సూది! ఎప్పుడు గుచ్చుకుందో ఆవిడకే తెలియదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమనండి.

అన్నింటికంటే నాకు నచ్చేది దూది వత్తులు. గింజ తీసి, దూది విడదీసి, వేళ్లకి కాస్త విభూతి అద్దుకుని పువ్వొత్తి మొన తిప్పడంలో బలం అక్కర్లేదు, వేళ్లకి మంచి కసరత్తు. ఇప్పుడు మొదలుపెడితే కార్తీక పౌర్ణమికి వీధిలో పది ఇళ్లకి 365 వత్తుల కట్టలు ఇవ్వొచ్చు. ఇవ్వడానికైనా నాలుగు గడపలు తిరుగుతారు, నాకు కావలసిందీ అదే. ఆస్తమా ఉంటే మాత్రం పాత పరుపుల్లోని దూది వద్దు.

పాత చీరలు చింపి జడలా అల్లి, గుండ్రంగా చుట్టి కాలిపట్టా కుట్టుకోవచ్చు. కానీ దాన్ని బాత్‌రూమ్ గుమ్మం ముందు వేయకండి. ఈ వయసులో జారిపడితే విరిగేది తుంటి ఎముక. వైరు బుట్టలు ఇప్పుడొద్దు, ప్రతి ముడికీ వైరు బిగించి లాగాలి, ఆ మణికట్టు ఓర్చుకోదు. కొబ్బరి చిప్పలు కూడా వద్దు. బ్లేడుతో గీకి గరుకు కాగితంతో రుద్దాలి, వేలు తెగితే షుగరుతో మానడం ఆలస్యం.

మామయ్యగారు పోయి ఎన్నాళ్లయిందో రాయలేదు. నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి ఉంటే, పని కల్పిస్తే సర్దుకుంటుందని వదిలేయకుండా అదీ డాక్టరుతో చెప్పండి.

న్యూస్‌పేపర్ కవర్లు చేయించండి, బాగుంటుంది. మందుల షాపుకి అమ్మకండి, నాకు ఒళ్లు మండుతుంది! మైదాపిండి గంజి చాలు, ఏ రోజుది ఆ రోజే కాచుకోండి. పురుగు పట్టకుండా కొందరు అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం. కాగితం మడిచేటప్పుడు వేలు నాలుకకి అద్దుకునే అలవాటు మన పెద్దవాళ్లందరికీ ఉంది.