బెల్టును బిగించాలా, ఎక్కించాలా?

సందేహం: కారు ఇంజన్‌లో డ్రైవ్ బెల్టు (ఇంజన్ తిరుగుడుతో, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వంటివాటిని నడిపేది) టెన్షనర్ (ఆ బెల్టును లాగిపట్టే భాగం) మార్చే పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. బెల్టు ‘టెన్షన్’కు ఉద్రిక్తత, ఒత్తిడి, తన్యత, బిగువు – వీటిలో ఏది సరైనది? ‘టెన్షనర్‌ను వదులు చేసి, కొత్త బెల్టు బిగించండి’ అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: బిగువు అని రాయండి. ఉద్రిక్తత ఊళ్లోనో సరిహద్దులోనో ఉంటుంది కానీ రబ్బరు బెల్టులో ఉండదు. ఒత్తిడీ కుదరదు. ఒత్తడమంటే పైనుంచి నొక్కడం, బెల్టులో ఉన్నదేమో పొడవు వెంట లాగుడు. తన్యత తప్పు కాదు. పాఠ్యపుస్తకాల్లోని తలతన్యతలో ఉన్నది ఆ మాటే. సాగదీయడమనే అర్థమున్న ‘తన్’ ధాతువు నుంచి పుట్టింది, తంతువు దాని చుట్టమే. కానీ చేతికి గ్రీజు అంటుకుని ఉన్నవాడికి చప్పున తగిలేది వీణ తీగకూ నులకమంచానికీ వాడుకునే బిగువే.

బిగుతును మాత్రం దానికి బదులుగా వాడకండి. ‘చొక్కా బిగుతుగా ఉంది’ అంటే అది ఫిర్యాదు. అందుకే ‘బెల్టు బిగువు చూడండి’, ‘బెల్టు మరీ బిగుతైతే ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగులు త్వరగా పాడవుతాయి’ అని వేరు చేసి రాయాలి. పాడైన బేరింగు ఇక తిరగకపోతే అది ‘బిగుసుకుపోయింది’. ఒకే ధాతువు, మూడు స్థితులు.

అసలు చిక్కు నామవాచకంలో కాదు, మీ వాక్యంలోని రెండు క్రియల్లో ఉంది. ‘ఫ్యాను బిగించారు’ అంటే అమర్చారని, ‘నట్టు బిగించారు’ అంటే గట్టిగా తిప్పారని. ఇక ‘బెల్టు బిగించండి’ అంటే? ఒకరు పుల్లీల (బెల్టు తిరిగే చక్రాల) మీద వేసి అక్కడితో ఆగుతారు, మరొకరు లేని సర్దుబాటు కోసం వెతుకుతారు. బెల్టును ‘ఎక్కించండి’, టెన్షనర్‌ను ‘అమర్చండి’, బోల్టును ‘బిగించండి’, బిగువును ‘సరిచేయండి’ అనండి. బోల్టు దగ్గర కూడా ‘గట్టిగా’ అని వదిలేయకుండా, ఆ బండి మాన్యువల్‌లో ఎన్ని న్యూటన్ మీటర్లని ఉందో ఆ అంకె వేయండి.

‘వదులు చేయండి’ ఇంకా ప్రమాదం. స్ప్రింగు టెన్షనర్‌లో వదులు చేయాల్సింది ఏదీ లేదు. ఆ మాట నమ్మి నడిమి బోల్టు తిప్పితే టెన్షనరే బ్రాకెట్ నుంచి ఊడివస్తుంది. మీరు రాయాల్సింది ఇలా: ‘బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎలా వెళుతోందో ముందే బొమ్మ గీసుకోండి. టెన్షనర్ చేతిని (ఆర్మ్) స్పానర్‌తో స్ప్రింగుకు ఎదురుగా తిప్పి పట్టుకుని, ఒక పుల్లీ మీద నుంచి బెల్టు తప్పించండి. తర్వాత ఆ ఆర్మ్‌ను నెమ్మదిగా వెనక్కి రానివ్వండి.’ ‘వదలండి’ అన్నా చాలదు. ఒక్కసారిగా వదిలితే అది విసురుగా వచ్చి వేళ్లు నలుగుతాయి. బెల్టు తప్పించాకే నడిమి బోల్టు విప్పి పాత టెన్షనర్ తీయాలి. కొత్త టెన్షనర్ వెనకవైపు చిన్న పొడుచుకువచ్చిన మొన ఉంటే అది బ్రాకెట్ రంధ్రంలో కూర్చున్నాకే బోల్టు బిగించాలి. బెల్టు మీది గట్లన్నీ పుల్లీ గాళ్లలో పడ్డాయో లేదో వేలితో తడిమి చూడాలి. ఒక్క గాడి పక్కకు జరిగినా బెల్టు అంచు పీచులు లేస్తుంది. ఈ రకంలో బిగువు చూసుకునేది స్ప్రింగే. చాలా టెన్షనర్ల మీద రెండు గీతలూ ఒక ముల్లూ ఉంటాయి. ముల్లు గీతల మధ్య లేకపోతే బెల్టు సాగిందనో, కొలత తప్పు బెల్టు తెచ్చారనో అనుమానించాలి. కాబట్టి ఈ రకానికి ‘సర్దుబాటు’ అనే శీర్షికే పెట్టకండి.

చేత్తో సరిచేసే రకం వేరు. అక్కడ ‘వదులు చేయు’ సరైన మాట, ‘విప్పు’ తప్పు. ఇరుసు బోల్టునూ (దాని మీదే ఆ భాగం కదులుతుంది) లాక్ బోల్టునూ (కదలకుండా పట్టేది) కాస్త వదులు చేసి, సర్దుబాటు బోల్టు తిప్పాలి. ‘విప్పండి’ అంటే పూర్తిగా ఊడదీస్తారు. ఆపైన రెండు పుల్లీల నడుమ పొడవైన చోట సుమారు 10 కిలోల బలంతో నొక్కి, బెల్టు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూస్తారు. ఎంత దిగాలన్నది బండిని బట్టి మారుతుంది. కొత్త బెల్టుకో అంకె, వాడిన బెల్టుకో అంకె ఉంటాయి, రెండూ ఇవ్వండి. సరిపోయాక లాక్ బోల్టు బిగించి, ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పించి మళ్లీ కొలవమనండి. బిగువు చాలకపోతే బెల్టు జారి కీచుమంటుంది, బ్యాటరీ దీపం వెలుగుతుంది. వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే ఉంటే ఇంజన్ వేడెక్కుతుంది.

మీ శీర్షికలో మరో మాట చేర్చండి. షెడ్డుల్లో దీన్ని ఇప్పటికీ ‘ఫ్యాన్ బెల్టు’ అనే అంటారు. చాలా కార్లలో ఫ్యాన్‌ను ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతోంది, పేరు మాత్రం మిగిలింది. ‘డ్రైవ్ బెల్టు (ఫ్యాన్ బెల్టు)’ అని రాస్తే అందరికీ అందుతుంది. పక్కనే ‘టైమింగ్ బెల్టు కాదు’ అనీ రాయండి. దానికీ టెన్షనర్ ఉంటుంది, పని మాత్రం పూర్తిగా వేరు, వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడపడం: అమర్చేటప్పుడు దాని గుర్తులు తప్పితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి.